నాయనమ్మ గోరుముద్దలు మాన్పించాలా?

ప్రశ్న: మా అత్తయ్యగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. పోయిన నెల మూత్రంలో మంట అంటే మెడికల్ షాపులో అడిగి సెఫిక్సిమ్ బిళ్లలు ఐదు రోజులు వేశాం. తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే యూరిన్ కల్చర్ రాశారు. ‘ఈ-కోలి, ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని వచ్చింది. పద్నాలుగు మందుల పేర్లుంటే తొమ్మిదింటి ఎదురుగా ‘ఆర్’ అని ఉంది. వాటిలో సగం పేర్లు మేమెప్పుడూ వినలేదు, ఆవిడ వాడనూ లేదు. వాడని మందులు పనిచేయకుండా ఎలా పోతాయి? డాక్టరుగారు నైట్రోఫ్యురాంటాయిన్ రాశారు, మంట తగ్గింది. నాకే టెన్షన్ తగ్గలేదు. మా పాపకు మూడేళ్లు. నాయనమ్మ కలిపి పెడితేనే అన్నం తింటుంది. ఆ క్రిమి పాపకు అంటుకుంటుందా? ముద్దలు పెట్టడం మాన్పించాలా, కంచం గ్లాసు వేరు చేయాలా? పెరుగు బాగా తింటే పోతుందని ఒకరన్నారు, నిజమేనా? ఇంకో మాట. మా వారు జలుబు చేసినప్పుడల్లా అజిత్రోమైసిన్ మూడు బిళ్లలు తెచ్చుకుని వేసుకుంటారు. ఒంటికి ఆ మందు అలవాటైపోతుందేమోనని భయంగా ఉంది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముద్దలు మాన్పించకండి. కంచం, గ్లాసు వేరు చేయకండి. ఈ రెండు మాటలూ ముందే చెప్పేస్తున్నాను. ఇలాంటి రిపోర్టు వచ్చాక పెద్దవాళ్లను ఓ గదిలో విడిగా కూర్చోబెట్టిన ఇళ్లను నేను చూశాను. మూత్రంలో మంట కంటే అదే వాళ్లను ఎక్కువ కుంగదీసింది.

ఇరవై ఏళ్లకు పైగా ఆస్పత్రి ల్యాబులో కల్చర్ ప్లేట్లు చూడటమే నా పని. మీ అత్తయ్యగారి రిపోర్టు ఎలా తయారవుతుందో చెబుతాను, మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కణ్నుంచే మొదలవుతుంది. అరచేయంత గుండ్రటి ప్లేటులో గంజి పేరుకున్నట్టు లేత పసుపు రంగు జెల్లీ ఉంటుంది. మూత్రంలో దొరికిన బ్యాక్టీరియాను దూదిపుల్లతో దానిమీద అంతటా అలుకుతాం. పైన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతాం, చిన్న బొట్టుబిళ్లంత ఉంటాయి. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు ఉంటుంది. రాత్రంతా వెచ్చగా ఉంచి పొద్దున్నే తీసి చూస్తే, పనిచేసిన మందు చుట్టూ బ్యాక్టీరియా మొలవని ఖాళీ వలయం కనిపిస్తుంది. పనిచేయని మందు దగ్గర తెల్లటి పొర బిళ్ల అంచుదాకా పాకి ఉంటుంది. స్కేలు పెట్టి వలయం కొలిచి, తగినంత ఉంటే ‘ఎస్’, లేకపోతే ‘ఆర్’ రాస్తాం. మధ్యలో ఉంటే ‘ఐ’.

ఈఎస్‌బీఎల్ తేల్చడానికి ఇంకో చిన్న పరీక్ష చేస్తాం. సెఫ్టాజిడిమ్ బిళ్ల ఒకటి, అదే మందుకు క్లావులానిక్ యాసిడ్ కలిపిన బిళ్ల ఇంకొకటి పెడతాం. రెండోదాని చుట్టూ వలయం కనీసం 5 మిల్లీమీటర్లు పెద్దదిగా వస్తే పాజిటివ్. అంటే ఆ బ్యాక్టీరియా ఒక ఎంజైము తయారుచేసి సెఫిక్సిమ్, సెఫ్టాజిడిమ్ లాంటి మందులను తుంచేస్తోందని, క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైము చేతులు కట్టేసిందని అర్థం. మీరు ఐదు రోజులు వేసిన బిళ్లలు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసిందిగా. మందులో లోపం లేదు, ఆవిడ ఒంట్లోనూ లోపం లేదు.

అసలు ఆ ప్లేటులో మీ అత్తయ్యగారి ఒళ్లే లేదు. ఉన్నది బ్యాక్టీరియా ఒక్కటే. ‘ఒంటికి మందు అలవాటైపోయింది’ అని మనందరం అంటాం గానీ, అలవాటుపడేది ఒళ్లు కాదు. యాంటీబయాటిక్ దెబ్బ కొట్టేది బ్యాక్టీరియాను, దానికి మొండికేసేదీ బ్యాక్టీరియానే. మీ వారి విషయంలో కూడా భయపడాల్సింది ఆయన ఒంటి గురించి కాదు, ఆయన పేగుల్లో ఉన్నవాటి గురించి.

పేగులు అని ఎందుకంటున్నానంటే, మూత్రంలో మంట పుట్టించే ఈ-కోలి సాధారణంగా మన పెద్దపేగులోంచే వస్తుంది. ఆడవాళ్లలో మలద్వారానికీ మూత్రద్వారానికీ మధ్య దూరం తక్కువ, అందుకే వాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ. మనిషి ఒంట్లో ఉండే బ్యాక్టీరియా మొత్తం 38 లక్షల కోట్లని 2016లో ఒక లెక్క కట్టారు. అందులో దాదాపు అంతా పెద్దపేగులోనే. వందల జాతులు, చీమ దూరే సందు లేనంత ఒత్తుగా ఉంటాయి. అవి అక్కడ ఊరికే పడి ఉండవు, ఒకదానికొకటి జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి.

బ్యాక్టీరియాకు దాని అసలు డీఎన్‌ఏ కాక, చాలాసార్లు చిన్న గాజులాంటి డీఎన్‌ఏ వలయాలు కూడా ఉంటాయి. వీటిని ప్లాస్మిడ్ అంటారు. మీ అమ్మగారు ఆవకాయ పాళ్లు రాసుకున్న చీటీ అనుకోండి. పక్కింటావిడ అడిగితే జిరాక్స్ తీయించి ఇస్తారు. ఆవిడకూ చీటీ చేరుతుంది, మన చీటీ మన దగ్గరే ఉంటుంది. పేగుల్లో జరిగేది ఇదే. ప్లాస్మిడ్ ఉన్న బ్యాక్టీరియా సన్నటి నూలుపోగులాంటి గొట్టం చాచి పక్కదాన్ని పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. ప్లాస్మిడ్‌లోని రెండు పోగుల్లో ఒకటి అవతలికి జారుతుంది. రెండు వైపులా రెండో పోగు మళ్లీ అల్లుకుంటుంది. నిమిషాల్లో పని అయిపోతుంది. ఇప్పుడు ఇద్దరి దగ్గరా చీటీ ఉంది, ఇద్దరూ ఇంకొకరికి ఇవ్వగలరు. తీసుకునేది అదే జాతి కానక్కర్లేదు కూడా. ఏ హానీ చేయకుండా పేగులో ఉండే ఈ-కోలి నుంచి, రోగం తెచ్చే వేరే బ్యాక్టీరియాకు చీటీ వెళ్లిపోతుంది.

ఈ సంగతి మొదట బయటపడింది జపాన్‌లో, జిగట విరేచనాల రోగుల్లో. ఆ జబ్బు తెచ్చేది షిగెల్లా అనే బ్యాక్టీరియా. 1950ల మధ్యకొచ్చేసరికి సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్, ఈ నాలుగు మందులకూ ఒక్కసారే లొంగని షిగెల్లా అక్కడ కనిపించడం మొదలైంది. డాక్టర్లకు అంతుపట్టలేదు. ఒకే రోగి మలంలో మందులకు లొంగే షిగెల్లా, లొంగని షిగెల్లా రెండూ దొరికేవి. అదే రోగి పేగులోని ఈ-కోలిని పరీక్షిస్తే అది కూడా సరిగ్గా ఆ నాలుగింటికే మొండికేసేది. 1959లో తొమోఇచిరో అకిబా, కునితారో ఓచియాయి బృందాలు విడివిడిగా ఒకే పరీక్ష చేశాయి. మొండి ఈ-కోలిని, మందుకు లొంగే షిగెల్లాను కలిపి పెంచారు. షిగెల్లా కూడా నాలుగింటికీ మొండిదైపోయింది. త్సుతోము వతనాబె 1963లో ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసంతో ఈ విషయం మిగతా దేశాల దాకా వెళ్లింది. నేను చదువుకున్న రోజుల్లో ఈ కథ పాఠంలా విన్నాను. ల్యాబులో మీ అత్తయ్యగారిలాంటి రిపోర్టుల మీద సంతకం పెడుతున్నప్పుడు మాత్రం ఇది పాఠంలా అనిపించదు.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఒకే చీటీ మీద ఒక్క మందు గుట్టు మాత్రమే ఉండదు. నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు ఒకే ప్లాస్మిడ్ మీద వరసగా ఉండవచ్చు. అలాంటి చీటీ ఉన్న బ్యాక్టీరియా ఒకటి ఎప్పుడో నీళ్లలోనో తిండిలోనో మీ అత్తయ్యగారి పేగులోకి వచ్చి ఉంటుంది. తర్వాత ఆ వరసలో ఏదో ఒక్క మందు ఆవిడ వాడినా చాలు. మిగతా బ్యాక్టీరియా చచ్చి, ఆ చీటీ ఉన్నది బతుకుతుంది. చీటీ మొత్తం బతుకుతుంది కాబట్టి, ఆవిడ పేరు కూడా వినని మందుల ఎదురుగా ‘ఆర్’ పడుతుంది.

వరి వేసినవాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. పైరు ఒత్తుగా ఉన్నంతకాలం ఊద పెద్దగా లేవదు. పైరు చచ్చి చోటు ఖాళీ అయిందా, ఊద దుబ్బు కట్టేస్తుంది. మన పేగుల్లో ఎప్పటినుంచో కాపురమున్న మంచి బ్యాక్టీరియా ఆ పైరులాంటిది. కొత్తగా వచ్చినదానికి చోటు ఇవ్వదు, తిండి మిగల్చదు. యాంటీబయాటిక్ ఆ పైరును కొట్టేస్తుంది. గొంతు నొప్పికి వేసుకున్నా, ముక్కు కారడానికి వేసుకున్నా, పంటి నొప్పికి వేసుకున్నా, మింగిన బిళ్ల పోయేది పేగులోకే. మనం ముక్కు గురించి ఆలోచిస్తుంటాం, దెబ్బ తగిలేది పెద్దపేగుకు.

ఇక మీ వారి విషయం. జలుబు తెచ్చేవి వైరస్‌లు. వాటిమీద అజిత్రోమైసిన్ పనిచేయదు. మూడు రోజులకు తగ్గినట్టు ఆయనకు అనిపించడం నిజమే, జలుబు తన దారిన తాను ఆ రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. మందు మాత్రం అంత తొందరగా ఒంట్లోంచి పోదు. మూడో బిళ్ల అయిపోయాక కూడా రోజుల తరబడి కణజాలంలో నిలిచి కొద్దికొద్దిగా బయటికొస్తుంటుంది. అన్ని రోజులూ పేగుల్లో మొండివాటికి మేలు చేస్తూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా పెట్టింది. అమాక్సిసిలిన్ లాంటివి మొదట వాడదగిన గుంపులో ఉన్నాయి. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్, సిప్రోఫ్లాక్సాసిన్ ‘కనిపెట్టి ఉండాల్సిన’ గుంపులో ఉన్నాయి. మన మెడికల్ షాపుల్లో డాక్టరు రాయకుండానే చేతిలో పెట్టేవి సరిగ్గా ఈ రెండో గుంపువే. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు రాస్తేనే వాడాలని అర్థం. ఈసారి మీ వారు బిళ్లలు తెస్తే ఆ గీత చూపించండి.

అజిత్రోమైసిన్ గురించి ఆయనకు ఇంకొకటి కూడా చెప్పండి. పాకిస్తాన్ సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది. 2016 చివర్లో అక్కడ టైఫాయిడ్ పిల్లలకు మామూలు మందులు పనిచేయడం మానేశాయి. ఆఖరుకు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ కూడా. బ్యాక్టీరియా జన్యువులు చదివి చూస్తే, అప్పటికే కొన్ని మందులకు లొంగని టైఫాయిడ్ బ్యాక్టీరియాలోకి కొత్తగా ఒక ప్లాస్మిడ్ వచ్చి చేరింది. ఆ ప్లాస్మిడ్ ఈ-కోలిలో దొరికేదే. మోసుకొచ్చిన ఎంజైము ఈఎస్‌బీఎల్, మీ అత్తయ్యగారి రిపోర్టులో రాసినలాంటిదే. ఒక్క చీటీ చేతులు మారింది, వేలమంది జబ్బు మొండిదైపోయింది. ఇక అక్కడి డాక్టర్లకు నోటితో వేయడానికి మిగిలిన నమ్మకమైన బిళ్ల ఒక్కటే, అజిత్రోమైసిన్. మీ వారు ముక్కు కారుతోందని మింగుతున్నది దాన్నే. 2019లో ఆ సింధ్ పిల్లలకు పెద్ద ఎత్తున వేసిన టైఫాయిడ్ టీకా మన హైదరాబాద్‌లో తయారైనది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. మీ పాపకు ఆ టీకా వేయించారో లేదో ఓసారి కార్డు చూసుకోండి. లేకపోతే పిల్లల డాక్టరును అడగండి. జబ్బే రాకపోతే మందుతో పనే ఉండదు.

అత్తయ్యగారికి ఆ బ్యాక్టీరియా ఎక్కణ్నుంచి వచ్చిందని వెతుక్కుంటూ కూర్చోవద్దు, ఎవరినీ తప్పుపట్టొద్దు. అది మన నేల మీద, నీళ్లలో అంతగా కలిసిపోయింది. 2007లో పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. 2010లో ఢిల్లీలో వీధి పక్కన నిలిచిన నీళ్లు 171 చోట్ల తీసి చూస్తే 51 చోట్ల, కుళాయి నీళ్లు 50 చోట్ల తీస్తే 2 చోట్ల ఎన్‌డీఎం-1 జన్యువు కనిపించింది. మెరోపెనెమ్ లాంటి పెద్ద ఇంజెక్షన్లను కూడా తుంచేసే ఎంజైము ఈ జన్యువుదే. దాన్ని మొదట పట్టుకున్నది కూడా మీ ఇంట్లోలాంటి కేసులోనే. 2008లో ఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన ఒకాయన మూత్రంలో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దగ్గర అది దొరికింది. తర్వాత ఆయన మలంలోని ఈ-కోలిలో కూడా అదే జన్యువు ఉంది. ఒకే మనిషి పేగుల్లో ఒక జాతి నుంచి ఇంకో జాతికి చీటీ చేరిందన్నమాట. కోళ్లకు, పందులకు మేతలో కలిపే మందులు ఇంకో దారి. కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకూడదని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. చాలా మంచి పని చేశారు, మనుషులకు ఏదీ పనిచేయనప్పుడు మిగిలేది ఆ మందు.

అది ఆవిడ పేగుల్లో ఎప్పటికీ ఉండిపోతుందా అని మీకు అనుమానం రావచ్చు. నెదర్లాండ్స్‌లో రెండు వేల మంది ప్రయాణికులను ఏడాదిపాటు గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. దక్షిణాసియాకు వచ్చి వెళ్లినవాళ్లలో 75 శాతం మంది పేగుల్లో ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియాను వెంట తీసుకెళ్లారు. చాలామందికి జబ్బు చేసి కాదు, మన తిండి తిని మన నీళ్లు తాగి. అలా తెచ్చుకున్న ప్రయాణికుల్లో సగంమందికి నెల తిరిగేసరికి అది పోయింది. ఏడాది తర్వాత 11 శాతం మందిలోనే మిగిలింది. పైరు మళ్లీ ఒత్తుగా పెరిగి ఊదను తొక్కేసింది. ఇంట్లో ఇంకొకరికి అంటుకునే అవకాశం 12 శాతమని లెక్కగట్టారు. మన ఊళ్లలో ఉండేవాళ్లకు పోయినా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. మీకూ నాకూ ఇప్పుడు పేగుల్లో అది ఉండి ఉండవచ్చు. మీ పాపకు నాయనమ్మ చేతి నుంచే రావాలని లేదు. పేగులో ఊరికే ఉన్నంతవరకు అది పిల్లకు హాని చేయదు కూడా.

దాన్ని పేగులోంచి తరిమేయడానికి మందు వాడమని మాత్రం ఎవరినీ అడగొద్దు. అలాంటి మందు పైరును ఇంకాస్త కొట్టేస్తుంది. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. మంట లేదు, జ్వరం లేదు, అయినా ‘ఓసారి చూద్దాం’ అని మళ్లీ యూరిన్ కల్చర్ చేయిస్తారు. పెద్ద వయసు ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, ఏ బాధా లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా కనిపించడం మామూలే. గర్భిణులకైతే వైద్యం చేయాలి, మూత్రనాళంలో ఆపరేషన్ చేసేముందు చేయాలి. అత్తయ్యగారికి బాధ లేకపోతే పరీక్షా వద్దు, మందూ వద్దు. షుగర్ అదుపులో ఉంచండి, నీళ్లు బాగా తాగమనండి, మూత్రం ఆపుకోవద్దనండి. దొడ్డికి వెళ్లాక ముందు నుంచి వెనక్కి కడుక్కోమని చెప్పండి. అత్తగారితో ఈ మాట అనడానికి మొహమాటంగా ఉంటే డాక్టరమ్మ చెప్పిందని చెప్పండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే మాత్రం ఇంట్లో ఒక్క పూట కూడా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పెరుగు తినండి, మంచిదే. దానికి ఈఎస్‌బీఎల్ పోతుందని నమ్మకండి. పెరుగులోని బ్యాక్టీరియా మన పేగులో కాపురం పెట్టదు, దారిన వెళ్లిపోతుంది.

ఇప్పుడు గోరుముద్దల దగ్గరికి వద్దాం. చీటీలు చేతులు మారేది పేగులో అయినా, ఆ బ్యాక్టీరియా ఒక పేగులోంచి ఇంకో పేగులోకి వెళ్లేది చాలావరకు మన చేతుల మీదుగానే. అత్తయ్యగారి గోళ్లు కత్తిరించి ఉంచండి. పాపకు అన్నం కలిపేముందు, దొడ్డికి వెళ్లొచ్చాక, సబ్బు నురగ వచ్చేలా ఇరవై లెక్కపెట్టేదాకా చేతులు రుద్దుకోవాలి, బొటనవేలి మొదట్లో, గోళ్ల కింద కూడా. ఒట్టి నీళ్లతో తొలిపితే చాలదు. ఉంగరం ఉంటే తీసి కడగాలి. ఆవిడ ఒక్కరికే చెబితే మనసు నొచ్చుకుంటుంది, మీ ఇంట్లో అందరికీ ఇదే రూలు పెట్టండి, పాపతో సహా. కోడికూర వండే రోజు పచ్చి మాంసం కోసిన కత్తిపీటతో పచ్చి ఉల్లి, కొత్తిమీర తరగొద్దు. బాగా ఉడికిన ముక్కలో ఆ బ్యాక్టీరియా బతకదు, భయం పచ్చి మాంసం తాకిన చేతులతోనే.

పాపకు విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపుకు వెళ్లి యాంటీబయాటిక్ సిరప్ తేవద్దు. మూడేళ్ల పిల్లలకు నీళ్ల విరేచనాలు చాలావరకు వైరస్‌ల వల్లే. ఓఆర్‌ఎస్, జింకు బిళ్ల 14 రోజులు, అన్నం పాలు మామూలుగా. మలంలో రక్తం పడ్డా, పిల్ల మత్తుగా పడుకున్నా, మూత్రం పోయకపోయినా డాక్టరుకు చూపించండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, విరేచనాలప్పుడు పేగు వాచి ఉంటుంది, అప్పుడు ఈ-కోలి, సాల్మొనెల్లా లాంటివి ఒక్కసారిగా పెచ్చు పెరుగుతాయి. జూరిచ్ శాస్త్రవేత్తలు 2012లో ఎలుకల్లో చూపించారు. అలా పెరిగి ఒకదాన్నొకటి ఒరుసుకున్నప్పుడు ప్లాస్మిడ్‌లు విపరీతంగా చేతులు మారాయి. ఆ సమయంలో అక్కర్లేని మందు పోస్తే, చీటీ అందుకున్నవాటినే మనం ఏరి పెంచినట్టు అవుతుంది.

ఆ కల్చర్ రిపోర్టు మాత్రం పారేయకండి. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, కాగితాన్ని అత్తయ్యగారి షుగర్ ఫైలులో పెట్టండి. మళ్లీ ఎప్పుడైనా మంట మొదలైతే, మందు వేయకముందే మూత్రం కల్చర్‌కు ఇచ్చి, పాత రిపోర్టు డాక్టరుగారి ముందు పెట్టండి. సెఫిక్సిమ్ ఆవిడకు పనిచేయలేదని ఆయనకు మొదటి రోజే తెలుస్తుంది. పోయిన నెల ఆవిడ ఊరికే పడిన ఆ ఐదు రోజుల మంట ఈసారి పడక్కర్లేదు.